గ్రామఫోన్ ముల్లు మీద ఎంత బరువు ఉండాలి?

తిరుగుతున్న రికార్డు మీద ముల్లు ఎంత బలంతో ఆనుతోందన్న దానిపైనే వినిపించే ధ్వని నాణ్యతా, ఆ రికార్డు మన్నికా ఆధారపడి ఉంటాయి. ఈ బలాన్ని ట్రాకింగ్ ఫోర్స్ అంటారు. శాస్త్రరీత్యా ఇది బలం కనుక మిల్లీన్యూటన్లలో చెప్పవలసినదే అయినా వాడుకలో గ్రాములలోనే చెబుతారు. ఒక గ్రాము బరువు సుమారు 9.8 మిల్లీన్యూటన్లకు సమానం. ఇళ్లలో వాడే నేటి టర్న్‌టేబుళ్లలో ఇది సాధారణంగా ఒకటిన్నర, రెండున్నర గ్రాముల మధ్య ఉంటుంది. బరువు ఎంత తగ్గిస్తే రికార్డు అంత తక్కువగా అరుగుతుందన్న నమ్మకం రికార్డులు సేకరించేవారిలో చాలాకాలంగా ఉంది. పైపైన చూస్తే సబబుగానే కనిపించే ఈ నమ్మకాన్ని గాడిలో పనిచేసే బలాల లెక్కలు సమర్థించవు. కొంచెం ఎక్కువైన బరువు కంటే కొంచెం తక్కువైన బరువే రికార్డుకు ఎక్కువ హాని చేస్తుందని అవి చూపిస్తాయి.

గాడి, ముల్లు

ఎల్పీ రికార్డుకు ఒక్కొక్క వైపున బయటి అంచు నుంచి కేంద్రం దిశగా చుట్టుకుంటూ పోయే ఒకే గాడి ఉంటుంది. దాని పైభాగం వెడల్పు సుమారు 55 నుంచి 60 మైక్రాన్లు, అంటే దాదాపు తల వెంట్రుక మందమంత. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గాడి రెండు గోడలూ ఒకదానితో ఒకటి 90 డిగ్రీల కోణం చేస్తూ, రికార్డు తలానికి చెరి 45 డిగ్రీల వాలులో ఉంటాయి. స్టీరియో రికార్డులో కేంద్రం వైపున్న లోపలి గోడ మీద ఎడమ ఛానల్ ధ్వని, అంచు వైపున్న బయటి గోడ మీద కుడి ఛానల్ ధ్వని చెక్కి ఉంటాయి. ఒకే గాడిలో రెండు ఛానళ్లను ఇలా ఇమిడ్చే పద్ధతిని బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్‌లీన్ 1931లోనే రూపొందించి పేటెంటుకు దరఖాస్తు చేసినా, స్టీరియో ఎల్పీలు విరివిగా అమ్మకానికి రావడం 1958లో గాని మొదలు కాలేదు.

ముల్లు మొనను వజ్రంతో తయారుచేస్తారు. శంకువు ఆకారంలో చెక్కిన సాధారణమైన ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు ఉంటుంది. గాడి అడుగు అంతకంటే ఇరుకు కనుక మొన అడుగును తాకకుండా రెండు గోడల మీద చెరొక చోట ఆని నిలుస్తుంది. ఈ ముల్లు కాంటిలీవర్ అనే సన్నని కడ్డీ చివర అమరి ఉంటుంది. కడ్డీ రెండో చివరను రబ్బరు వంటి సాగే పదార్థంతో చేసిన ఆధారం పట్టి ఉంచుతుంది, దాన్నే సస్పెన్షన్ అంటారు. గోడల వంపులను అనుసరించి ముల్లు కదిలినప్పుడు, కడ్డీ వెనుక చివర ఉన్న చిన్న అయస్కాంతమో, తీగచుట్టో దానితోపాటు కదిలి విద్యుత్ సంకేతాన్ని పుట్టిస్తుంది. ఈ భాగాలన్నీ కలిసిన పరికరాన్ని కార్ట్రిడ్జ్ అంటారు. అయస్కాంతం కదిలే రకాన్ని మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ అనీ, తీగచుట్ట కదిలే రకాన్ని మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ అనీ పిలుస్తారు.

బరువు ఎందుకు అవసరం

ముల్లును గాడి నడిపిస్తుంది గాని, గాడిని వదలకుండా ముల్లును పట్టి ఉంచే ఏర్పాటు పైనుంచి పడే బరువు తప్ప మరొకటి లేదు. రెండు గ్రాముల బరువు పెట్టినప్పుడు, గోడలు 45 డిగ్రీల వాలులో ఉన్నందువల్ల, ఒక్కొక్క గోడకు లంబంగా పడే బలం ఒక గ్రాము కాక సుమారు 1.4 గ్రాములు అవుతుంది. గాడి పక్కకు వంగినప్పుడు ఒక గోడ ముల్లును నెడుతుంది. ఆ గోడ మీది బలం పెరిగిన మేరకు ఎదుటి గోడ మీది బలం తగ్గుతుంది. ఘర్షణను పక్కన పెట్టి లెక్క కడితే, పక్కకు నెట్టడానికి కావలసిన బలం ట్రాకింగ్ ఫోర్స్‌తో సమానమైన క్షణాన రెండో గోడ మీది బలం సున్నా అవుతుంది, ఆ పైన ముల్లు ఆ గోడను విడిచి లేస్తుంది. దీన్నే పట్టు తప్పడం అనవచ్చు.

ముల్లును పక్కకు కదల్చడానికి ఎంత బలం కావాలన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది. మొదటిది సస్పెన్షన్ ఎంత సులభంగా వంగుతుందన్నది; దీన్ని కంప్లయన్స్ అంటారు, ఒక మిల్లీన్యూటన్ బలానికి ముల్లు ఎన్ని మైక్రాన్లు జరుగుతుందో చెప్పే అంకె ఇది. మంద్రస్వరాలలో గాడి ఊగిసలాట పెద్దది కాబట్టి కంప్లయన్స్ ప్రాముఖ్యం అక్కడ ఎక్కువ. ముల్లు 50 మైక్రాన్లు పక్కకు జరగవలసి వచ్చినప్పుడు, కంప్లయన్స్ 20 ఉన్న కార్ట్రిడ్జ్‌కు రెండున్నర మిల్లీన్యూటన్లు, అంటే సుమారు పావు గ్రాము బలం చాలు. కంప్లయన్స్ 5 మాత్రమే ఉన్న బిగువైన కార్ట్రిడ్జ్‌కు ఒక గ్రాముకు పైగా కావాలి. రెండో విషయం ముల్లు, కడ్డీల కదిలే ద్రవ్యరాశి. ఇది దాదాపు అర మిల్లీగ్రాము మాత్రమే అయినా, తారస్వరాలలో ముల్లు పొందే త్వరణం ఊహకు అందనంత పెద్దది. పదివేల హెర్ట్జ్ పౌనఃపున్యం గల ధ్వని సెకనుకు 20 సెంటీమీటర్ల గరిష్ఠ వేగంతో గాడిలో చెక్కి ఉంటే, ముల్లు జరిగే దూరం మూడు మైక్రాన్లకు కాస్త మించదు గాని, దాని త్వరణం గురుత్వ త్వరణానికి దాదాపు 1,280 రెట్లు అవుతుంది. అర మిల్లీగ్రాము ద్రవ్యరాశిని అంత త్వరణంతో కదల్చడానికి 0.6 గ్రాములకు పైగా బలం కావాలి. అసలు సంగీతంలో మంద్ర, తార స్వరాలు రెండూ ఒకేసారి ఉంటాయి. ఘర్షణ, రికార్డు వంకరలు, ధూళి వీటికి తోడవుతాయి. కంటికి కనిపించనంత చిన్న మొనకు ఒకటిన్నర, రెండు గ్రాముల బరువు ఎందుకు కావలసి వస్తుందో ఈ లెక్కలే చెబుతాయి.

తగ్గితే ఏమవుతుంది, పెరిగితే ఏమవుతుంది

బరువు చాలనప్పుడు ముల్లు గోడను విడిచి లేచి, మరుక్షణంలో వేరొక చోట గోడను గుద్దుతుంది. గాయకుల గొంతులో 'స', 'ష' వంటి ఊష్మాక్షరాలు చీరుకుపోయినట్లు వినబడడం, పియానో దెబ్బలు, తాళాల మోత బరబరమనడం దీని మొదటి లక్షణాలు. గుద్దిన ప్రతిసారీ రికార్డు పదార్థమైన మెత్తని వినైల్ మీద వజ్రం చేసే గాటు శాశ్వతంగా మిగిలిపోతుంది. తరువాత ఎంత మంచి కార్ట్రిడ్జ్‌తో వాయించినా ఆ గరగర పోదు. రికార్డు లోపలి వలయాలలో ఈ బెడద ఎక్కువ. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే రికార్డులో బయటి అంచు దగ్గర గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్ల వేగంతో ముల్లు కింద సాగుతుంది, కేంద్రానికి 6 సెంటీమీటర్ల దూరంలో ఆ వేగం 21 సెంటీమీటర్లకు పడిపోతుంది. అందువల్ల అదే ధ్వని అక్కడ అంత తక్కువ నిడివిలో ఇరుక్కుని, ముల్లు మరింత పదునైన వంపులు తిరగవలసి వస్తుంది.

బరువు పెరిగినప్పుడు జరిగేది వేరు. రెండు గ్రాముల బరువుతో శంకువు ముల్లు గోడను తాకే చోట వినైల్ కొద్దిగా నొక్కుకుని, సుమారు 40 చదరపు మైక్రాన్ల స్పర్శ వైశాల్యం ఏర్పడుతుంది. ఆ చోట ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు మూడు వేల కిలోలను దాటుతుంది. ఇంత ఒత్తిడికి గాడి చితికిపోవాలి. అలా జరగకపోవడానికి ఒక ముఖ్య కారణం కాలవ్యవధి: బయటి వలయాలలో ఏ ఒక్క బిందువు మీదనైనా ముల్లు ఆని ఉండేది సెకనులో లక్షో వంతుకు కాస్త అటూ ఇటూగా మాత్రమే, వినైల్ వంటి పాలిమర్లు అంత కొద్ది కాలం పడే ఒత్తిడిని నిదానంగా పడే ఒత్తిడి కంటే గట్టిగా తట్టుకుంటాయి. అంతకంటే గమనించవలసిన విషయం మరొకటి ఉంది. బరువు పెరిగే కొద్దీ వినైల్ మరికాస్త నొక్కుకుని స్పర్శ వైశాల్యం కూడా పెరుగుతుంది కనుక, జర్మన్ భౌతిక శాస్త్రవేత్త హైన్రిక్ హెర్ట్జ్ పందొమ్మిదో శతాబ్దంలో ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం ఒత్తిడి బరువుకు అనులోమంగా కాక, బరువు ఘనమూలానికి అనులోమంగా మాత్రమే పెరుగుతుంది. బరువును ఒకటిన్నర గ్రాముల నుంచి రెండు గ్రాములకు పెంచితే ముల్లు పట్టు మూడో వంతు పెరుగుతుంది, గోడ మీద ఒత్తిడి మాత్రం పది శాతమే పెరుగుతుంది. బరువును రెట్టింపు చేసినా ఒత్తిడి పెరుగుదల 26 శాతం దాటదు. తక్కువ బరువును రికార్డుకు మేలుగా భావించడంలోని పొరపాటు ఈ అంకెలలో స్పష్టంగా కనిపిస్తుంది.

అయినంత మాత్రాన బరువు ఎంతైనా పెంచవచ్చునని కాదు. తయారీదారు చెప్పిన పరిధిని మించితే సస్పెన్షన్ అతిగా వంగి, అయస్కాంతమో తీగచుట్టో తాను ఉండవలసిన నడిమి స్థానం నుంచి తొలగుతుంది. ముల్లు గాడిలో నిలిచే కోణం మారుతుంది, ధ్వని మందగిస్తుంది, కార్ట్రిడ్జ్ అడుగుభాగం రికార్డును రాసుకునే ప్రమాదం ఉంటుంది. వజ్రం మొన కూడా త్వరగా అరుగుతుంది.

వంద గ్రాముల నుంచి ఒక గ్రాము దాకా

ఎమిల్ బెర్లినర్ 1887లో రూపొందించిన గ్రామఫోన్‌లోనూ, దాని వెనుక వచ్చిన కీ ఇచ్చి తిప్పే పెట్టెలలోనూ ధ్వనిని పెంచే విద్యుత్ పరికరమేదీ లేదు. గది నిండా వినిపించే శబ్దశక్తి అంతా గాడి నుంచే రావాలి. అందుకే ఆ యంత్రాలలో ఉక్కు ముల్లు మీద వంద గ్రాములకు పైగా బరువు పడేది. నిమిషానికి 78 భ్రమణాలు చేసే ఆనాటి రికార్డులను లక్కతో చేసేవారు, ఆ లక్కకు భారతదేశం, అందులోనూ ఛోటా నాగపూర్ అడవులు ప్రధాన ఆధారం. గ్రామఫోన్ కంపెనీ కలకత్తా సియాల్దాలో 1908లో రికార్డుల కర్మాగారం తెరిచింది. లక్కలో గట్టి ఖనిజాల పొడి కలపడం వల్ల రికార్డే ఉక్కు ముల్లును అరగదీసి తన గాడికి సరిపోయే ఆకారానికి తెచ్చుకునేది. ఒక్కొక్క వైపు వాయించిన తరువాత ముల్లు మార్చవలసి వచ్చేది అందువల్లనే.

ఆంప్లిఫయర్ వచ్చిన తరువాత ముల్లు చేయవలసిన పని గాడి వంపులను చదవడమే అయింది. అమెరికాలో కొలంబియా సంస్థ 1948లో సన్నని గాడి గల వినైల్ ఎల్పీని విడుదల చేసినప్పుడు ట్రాకింగ్ ఫోర్స్ సుమారు ఆరేడు గ్రాములకు దిగింది. స్టీరియోతో ముల్లు పక్కలకే కాక పైకీ కిందికీ కదలవలసి రావడంతో సస్పెన్షన్లు ఇంకా మెత్తబడ్డాయి. షూర్ సంస్థ తయారుచేసిన వి15 శ్రేణిలో మూడో రకాన్ని 0.75 నుంచి 1.25 గ్రాముల మధ్య వాడవలసి ఉండేది. అదే కాలంలో జపాన్‌లో, నాలుగు ఛానళ్ల రికార్డుల కోసం నోరియో షిబాతా రూపొందించిన ముల్లు గోడ మీద పొడవాటి సన్నని గీతలా ఆని, అధిక పౌనఃపున్యాలను చదువుతూనే ఒత్తిడిని ఎక్కువ వైశాల్యం మీద పంచింది. బరువు తగ్గించడమొక్కటే మార్గం కాదని, మొన ఆకృతి కూడా అంతే ముఖ్యమని ఈ ముల్లు నిరూపించింది.

సరైన అంకెను ఎంచుకోవడం

ఏ కార్ట్రిడ్జ్‌కు ఎంత బరువు కావాలో దాని తయారీదారే నిర్ణయిస్తాడు. ఆర్టోఫాన్ 2ఎం రెడ్‌కు 1.8 గ్రాములు, ఆడియో-టెక్నికా ఏటీ-వీఎం95ఈకి రెండు గ్రాములు, డెనాన్ డీఎల్-103కు రెండున్నర గ్రాములు సిఫారసు చేసిన విలువలు. బరువును సిఫారసు చేసిన విలువ దగ్గర మొదలుపెట్టి, ఊష్మాక్షరాలు చీరుకుపోతే పరిధి పై అంచు వైపుగా పదో వంతు గ్రాము చొప్పున పెంచాలి. పరిధిలో కింది అంచుకు దిగడానికి సాధారణంగా కారణం ఉండదు.

అంకె సరిగ్గా ఉన్నా టోన్‌ఆర్మ్‌తో కార్ట్రిడ్జ్ పొత్తు కుదరకపోతే ఫలితం దక్కదు. టోన్‌ఆర్మ్ అంటే కార్ట్రిడ్జ్‌ను మోసే పొడవాటి చేయి. దాని ద్రవ్యరాశి, సస్పెన్షన్ మెత్తదనం కలిసి ఒక సహజ పౌనఃపున్యాన్ని ఏర్పరుస్తాయి. చేయి, కార్ట్రిడ్జ్‌ల మొత్తం ప్రభావ ద్రవ్యరాశిని గ్రాములలో తీసుకుని కంప్లయన్స్‌తో గుణించి, ఆ లబ్ధం వర్గమూలంతో 159ని భాగిస్తే అది హెర్ట్జ్‌లలో వస్తుంది. 18 గ్రాములకు, 20 కంప్లయన్స్‌కు ఇది సుమారు 8.4 హెర్ట్జ్. రికార్డు వంకరల కదలిక ఐదారు హెర్ట్జ్‌కు లోపుగానూ, సంగీతం 20 హెర్ట్జ్‌కు పైనా ఉంటాయి కనుక సహజ పౌనఃపున్యం 8, 12 హెర్ట్జ్‌ల మధ్య ఉండడం మేలు. అది మరీ తగ్గితే వంకరలున్న రికార్డు మీద చేయి ఊగి, ముల్లు మీది బరువు క్షణక్షణానికీ మారిపోతుంది.

అమర్చే పద్ధతి

చాలా టోన్‌ఆర్మ్‌లలో ఇరుసుకు ఒక వైపున కార్ట్రిడ్జ్, రెండో వైపున కౌంటర్‌వెయిట్ అనే లోహపు దిమ్మ ఉంటాయి. ముందుగా యాంటీ-స్కేటింగ్ మీటను (దాని సంగతి తరువాత చూద్దాం) సున్నా దగ్గర పెట్టి, ముల్లు మీది రక్షక కవచాన్ని తీసి, చేయి ఎటూ వాలకుండా గాలిలో సమతలంగా తేలే వరకు దిమ్మను తిప్పాలి. ఇది సున్నా తూకం. ఈ స్థితిలో దిమ్మను కదలకుండా పట్టుకుని దాని ముందున్న అంకెల చక్రాన్ని మాత్రమే సున్నాకు తేవాలి, ఆ పైన దిమ్మను, చక్రాన్ని కలిపి తిప్పుతూ కావలసిన అంకెకు చేర్చాలి. దిమ్మ ఇరుసుకు దగ్గరయ్యే కొద్దీ ముందు వైపు బరువు పెరుగుతుంది.

ఆ చక్రం మీది అంకెలు ఎల్లప్పుడూ నిక్కచ్చిగా ఉండవు, సున్నా తూకంలో కొద్దిపాటి పొరపాటు చివరి విలువ మొత్తంలోకి చేరుతుంది. అందుకే విడిగా ఒక తూకపు పరికరంతో సరిచూడడం మంచిది. గ్రాములో వందో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసులు ఇప్పుడు సులభంగా దొరుకుతున్నాయి గాని, వాటితో రెండు జాగ్రత్తలు అవసరం. చాలా టోన్‌ఆర్మ్‌లలో ముల్లు ఎత్తు మారితే బరువు కూడా కొద్దిగా మారుతుంది కనుక, ముల్లును ఉంచే పళ్లెం రికార్డు ఉపరితలం ఎత్తులోనే ఉండాలి. ఎత్తైన పెట్టె వంటి త్రాసు ఇందుకు పనికిరాదు. రెండోది, పళ్లెం ఇనుముతో చేసినదైతే మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్‌లోని బలమైన అయస్కాంతం దానిని ఆకర్షించి, లేని బరువును ఉన్నట్టు చూపిస్తుంది.

బరువు కుదిరిన తరువాత యాంటీ-స్కేటింగ్‌ను సరిచేయాలి. టోన్‌ఆర్మ్ కొనకు ఉన్న వంపు కారణంగా, ముల్లుకూ గాడికీ మధ్య ఘర్షణ చేయిని ఎప్పుడూ కేంద్రం వైపు లాగుతుంది. ఈ లాగుడు ట్రాకింగ్ ఫోర్స్‌లో సుమారు పదో వంతు, అంటే రెండు గ్రాములకు 0.2 గ్రాములు ఉంటుంది. దాన్ని వ్యతిరేక దిశలో లాగి సరిచేయకపోతే లోపలి గోడ మీద భారం పెరిగి, బయటి గోడ మీద పట్టు సడలి, కుడి ఛానల్ ముందుగా చెడుతుంది. చాలా యంత్రాలలో ట్రాకింగ్ ఫోర్స్ అంకెనే ఈ మీటకు కూడా పెట్టి మొదలుపెట్టి, కుడి వైపున మాత్రమే గరగర వినిపిస్తే కొంచెం పెంచడం ఆచారం.

వేడి, పాత రికార్డులు

సస్పెన్షన్ రబ్బరు వంటి పదార్థం కనుక వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుసుకుంటుంది. తయారీదారులు చెప్పే విలువలు 20 నుంచి 25 డిగ్రీల సెల్సియస్ గదిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినవి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో మే నెల పగళ్లు 40 డిగ్రీలు దాటుతాయి. చల్లబరచని గదిలో అదే బరువుకు కడ్డీ ఎక్కువ వంగి కార్ట్రిడ్జ్ రికార్డుకు మరీ దగ్గరగా దిగుతుంది. అటువంటి వేళల్లో బరువు మార్చడం కంటే గది చల్లబడిన తరువాత వినడం మేలు. ఆ వేడికి వినైల్ రికార్డులు కూడా వంకరలు పోవచ్చు.

తెలుగు ఇళ్లలో మిగిలి ఉన్న ఎల్పీలు, ఈపీలు చాలావరకు 1960, 1970ల నాటి సూట్‌కేసు వంటి ప్లేయర్లలో, సెరామిక్ కార్ట్రిడ్జ్‌లతో మోగినవే. ఒత్తిడికి లోనైనప్పుడు విద్యుత్తు పుట్టించే పలుకుతో పనిచేసే ఈ కార్ట్రిడ్జ్‌లు బిగువైనవి కావడం వల్ల నాలుగు గ్రాములు, అంతకు మించిన బరువు కూడా కోరేవి. అరిగిన ముల్లుతోనే ఏళ్ల తరబడి వాయించడమూ మామూలే. ఆ గాడిలో పడిన గాట్లను నేడు ఏ బరువూ పూడ్చలేదు. అందువల్ల అమరిక సరిగ్గా ఉన్నదీ లేనిదీ తేల్చడానికి పాత రికార్డును కాక, అరగని కొత్త రికార్డును వాయించి చూడాలి. 1950ల సినిమా పాటలున్న 78 భ్రమణాల లక్క రికార్డులకైతే బరువుతోపాటు ముల్లు కూడా మారాలి. వాటి గాడి వెడల్పు ఎక్కువ కనుక సుమారు 75 మైక్రాన్ల వ్యాసార్ధం గల మొన అవసరం, ఎల్పీ ముల్లు వాటి గాడి అడుగుకు జారిపోయి ధూళిని మాత్రమే చదువుతుంది.

ట్రాకింగ్ ఫోర్స్ ఎంత సరిగ్గా అమర్చినా, అరిగిన వజ్రం అంచులు పదునెక్కి వినైల్‌ను చెక్కివేస్తాయి. వజ్రపు ముల్లుకు సాధారణంగా చెప్పే ఆయుష్షు 500 నుంచి 1000 గంటలు. కనుక రికార్డులను కాపాడుకోదలచినవారు బరువును సిఫారసు చేసిన విలువకు తక్కువ కాకుండా ఉంచాలి, ఆ విలువను త్రాసుతో సరిచూడాలి, ముల్లును శుభ్రంగా ఉంచి సకాలంలో మార్చాలి. ఈ మూడింటికీ అయ్యే ఖర్చు, మళ్లీ దొరకని ఒక పాత రికార్డు విలువతో పోలిస్తే చాలా తక్కువ.